వజ్రపు పొరను పెంచడం, లేజర్‌తో దాని మీద కన్నేసి ఉంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సీవీడీ (కెమికల్ వేపర్ డిపోజిషన్, అంటే గ్యాస్‌లోంచి పదార్థాన్ని పొరగా పేర్చడం) పద్ధతిలో వజ్రపు పొరలు పెంచే ల్యాబ్‌లలో కొత్తగా చేరినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. నగల కొట్లో ల్యాబ్ వజ్రాన్ని చూసి "ఇదెలా చేస్తారబ్బా" అనుకున్నవాళ్లకు మొదటి భాగం సరిపోతుంది. తర్వాతి భాగంలో లేజర్లు, గ్రాఫులు ఉంటాయి, అక్కడ కాస్త ఓపిక కావాలి.

గ్యాస్ నుంచి వజ్రం రావడమేంటి? అది నిజంగా వజ్రమేనా?

నిజమైన వజ్రమే. వజ్రమంటే కార్బన్ పరమాణువులు ఒక్కొక్కటీ నాలుగు పక్క పరమాణువులతో గట్టిగా ముడిపడి కట్టుకున్న స్ఫటికం. ఆ కార్బన్ భూగర్భంలోంచి వచ్చిందా, మీథేన్ సిలిండర్‌లోంచి వచ్చిందా అన్నది స్ఫటికానికి పట్టదు. పద్ధతి ఇలా ఉంటుంది: గాలి తీసేసిన చాంబర్‌లోకి హైడ్రోజన్ పంపి, అందులో నూటికి ఒకటి నుంచి అయిదు పాళ్ల దాకా మీథేన్ కలుపుతారు. పీడనం మామూలుగా 20 నుంచి 200 టార్ మధ్య ఉంటుంది (మన చుట్టూ ఉన్న గాలి పీడనం 760 టార్). ఈ మిశ్రమాన్ని బాగా వేడెక్కిన తీగతోనో మైక్రోవేవ్‌తోనో విడగొడితే, 700 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉంచిన సిలికాన్ లేదా మాలిబ్డినం పలక మీద వజ్రం పేరుకుంటుంది. వేగం మాత్రం నత్తనడకే. చాలా ల్యాబ్‌లలో గంటకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూఇటూ. పెద్ద పవర్ ఉన్న యంత్రాల్లో ఇంకా చాలా ఎక్కువే వస్తుంది.

వజ్రం కావాలంటే విపరీతమైన ఒత్తిడి ఉండాలని చదువుకున్నాం కదా?

హెచ్‌పీహెచ్‌టీ (అధిక పీడనం, అధిక వేడి) అనే పాత పద్ధతికి ఆ మాట సరిపోతుంది. అందులో 50 నుంచి 60 వేల రెట్ల వాతావరణ పీడనం, 1300 డిగ్రీలకు పైన వేడి కావాలి. తక్కువ పీడనం దగ్గర కార్బన్‌కు స్థిరమైన రూపం గ్రాఫైట్, అంటే పెన్సిల్ ముల్లులో ఉండేది. మరి సీవీడీ చాంబర్‌లో గ్రాఫైట్ కాకుండా వజ్రం ఎందుకొస్తోంది?

దీనికి జవాబు హైడ్రోజన్ పరమాణువులు. అణువులు కావు, విడిపోయిన పరమాణువులు. అవి ఒకేసారి మూడు పనులు చేస్తాయి. పెరుగుతున్న ఉపరితలం మీద ఖాళీగా ఉన్న బంధాలకు మూతలు పెట్టి, ఆ ఉపరితలం గ్రాఫైట్‌గా కుంగిపోకుండా ఆపుతాయి. పొరపాటున గ్రాఫైట్ ఏర్పడితే దాన్ని వజ్రం కన్నా ఎన్నో రెట్లు వేగంగా తినేస్తాయి. మూడోది అసలైనది: పైనుంచి వచ్చిన ఒక హైడ్రోజన్ పరమాణువు ఉపరితలం మీదున్న ఇంకో హైడ్రోజన్‌ను పీక్కుపోతుంది, అక్కడొక ఖాళీ ఏర్పడుతుంది. చాలాసార్లు మరో హైడ్రోజనే వచ్చి దాన్ని మూసేస్తుంది. ఎప్పుడో ఒకసారి ఒక మిథైల్ ముక్క (ఒక హైడ్రోజన్ ఊడిన మీథేన్) వచ్చి అతుక్కుంటుంది. దాని హైడ్రోజన్లు కూడా ఒక్కొక్కటే ఊడి, చివరికి ఆ కార్బన్ స్ఫటికంలో భాగమైపోతుంది. అందుకే నూటికి తొంభై అయిదుకు పైగా హైడ్రోజన్ పోస్తారు. కొత్తవాళ్లు "కార్బన్ పెంచితే వజ్రం తొందరగా వస్తుంది కదా" అని మీథేన్ పెంచుతుంటారు. వేగం పెరుగుతుంది నిజమే, దాంతోపాటు మసి కూడా పెరుగుతుంది.

దీన్ని మొదట ఎవరు చేశారు?

అమెరికాలో యూనియన్ కార్బైడ్ సంస్థలో పనిచేసిన విలియం ఎవర్‌సోల్ 1952 ప్రాంతంలోనే తక్కువ పీడనంలో వజ్రపు పొడి మీద వజ్రాన్ని పెంచాడు. అయితే 1954 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ అధిక పీడన పద్ధతిలో వజ్రం చేసింది. 1955లో దాన్ని ప్రకటించేసరికి ప్రపంచం దృష్టంతా అటే పోయింది. తర్వాత అమెరికాలో జాన్ ఆంగస్, మాస్కోలో దెర్యాగిన్, స్పిత్సిన్ బృందం ఏళ్ల తరబడి దీన్ని పట్టుకుని వేలాడారు. హైడ్రోజన్ పరమాణువుల మహిమ బయటపడింది వాళ్ల దగ్గరే. 1982లో జపాన్‌లోని త్సుకుబాలో మత్సుమోతో, సాతో, కామో, సెతాకా వేడి తీగతో ఎవరైనా చేయగలిగేలా పద్ధతిని ప్రచురించారు. మరుసటి ఏడాది మైక్రోవేవ్ పద్ధతి వచ్చింది. ల్యాబ్‌లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చింది ఆ తర్వాతే. 1988లో హిరోసే అనే ఆయన వెల్డింగ్‌కు వాడే ఆక్సీ-ఎసిటిలీన్ మంటతోనే, గాలిలోనే, వజ్రం పెంచి చూపించాడు. ఇప్పటికీ నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం అదే.

వేడి తీగ మంచిదా, మైక్రోవేవ్ మంచిదా?

డబ్బును బట్టి, పనిని బట్టి. టంగ్‌స్టన్ లేదా టాంటలం తీగను 2000 డిగ్రీలకు పైన కాల్చే పద్ధతి చవక. పెద్ద వైశాల్యం మీద పొర వేయాలంటే తీగల వరుస పెంచుకుంటూ పోవచ్చు. పనిముట్ల మీద పూత వేసే కంపెనీలు దీన్నే ఎక్కువగా వాడతాయి. కష్టమల్లా తీగతోనే. అది కార్బన్ పీల్చుకుని కార్బైడ్‌గా మారుతుంది, పొడవు పెరిగి వాలిపోతుంది, పెళుసెక్కుతుంది. చల్లారాక ముట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. తీగ లోహం ఆనవాళ్లు పొరలోకి కూడా చేరతాయి. స్వచ్ఛత ముఖ్యమైన ఎలక్ట్రానిక్స్, ఆప్టిక్స్, రత్నాల పనికి 2.45 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ ప్లాస్మానే దిక్కు. ప్లాస్మా అంటే అణువులు విడిపోయి, విద్యుదావేశంతో వెలిగే గ్యాస్. చాంబర్ మధ్యలో ఏ గోడకూ తగలకుండా తేలే ముద్ద అది. వట్టి హైడ్రోజన్‌తో ఉన్నప్పుడు గులాబీ-ఊదా రంగులో ఉంటుంది, మీథేన్ వదలగానే పచ్చదనం కనబడుతుంది. ఆ పచ్చదనం రెండు కార్బన్లు కలిసిన సీ2 అణువులది.

సిలికాన్ ముక్క మీద పొర రావట్లేదు, అక్కడక్కడా గింజలు మాత్రమే వస్తున్నాయి. ఎందుకు?

విత్తనాలు వేయలేదు, లేదా సరిగ్గా వేయలేదు. నున్నటి సిలికాన్ మీద వజ్రం తనంతట తాను మొలకెత్తడం చాలా అరుదు. చదరపు సెంటీమీటరుకు పదివేలు మొలిస్తే ఎక్కువ. లెక్క వేసుకోండి: పదివేలంటే గింజకూ గింజకూ మధ్య సుమారు 100 మైక్రాన్ల దూరం. గంటకు ఒక మైక్రాన్ చొప్పున పెరిగితే అవి ఒకదాన్నొకటి తాకడానికే 50 గంటలు పడుతుంది.

అందుకని ముందుగా నాలుగైదు నానోమీటర్ల (మైక్రాన్‌లో వెయ్యో వంతు ఒక నానోమీటరు) వజ్రపు రేణువులు కలిపిన ద్రవంలో ముక్కను ముంచి, అల్ట్రాసోనిక్ బాత్‌లో కొన్ని నిమిషాలు ఉంచుతారు. తర్వాత కడిగి నైట్రోజన్‌తో ఊదుతారు. బాగా కుదిరితే చదరపు సెంటీమీటరుకు వెయ్యి కోట్ల రేణువులు అంటుకుంటాయి, మధ్య దూరం 0.1 మైక్రాన్‌కు తగ్గుతుంది. ఈ ద్రవం పాతబడితే రేణువులు ఉండలు కట్టి అడుక్కు చేరతాయి. సీసా కింద బూడిదరంగు మడ్డి కనబడితే ఆ రోజు రన్ (పొర పెంచే ఒక విడత) మొదలుపెట్టకండి. ముక్కను కడిగాక ఊదడం ఆలస్యమై నీటి చుక్క ఆరిన చోట గుండ్రటి మచ్చ ఏర్పడినా అంతే, ఆ మచ్చ పూర్తయిన పొరలో కూడా అలాగే కనబడుతుంది.

స్టీల్ మీద నేరుగా వేయలేమా?

ఇనుము కార్బన్‌ను తనలోకి పీల్చుకుంటుంది, పైగా గ్రాఫైట్‌ను పుట్టిస్తుంది. కోబాల్ట్ కూడా అదే పని చేస్తుంది. అందుకే టంగ్‌స్టన్ కార్బైడ్ డ్రిల్ బిట్ల మీద పూత వేసే ముందు పైపైన ఉన్న కోబాల్ట్‌ను యాసిడ్‌తో తీసేస్తారు. స్టీల్ మీద వేయాలంటే మధ్యలో వేరే పొర ఒకటి అడ్డం పెట్టాలి.

లోపల పెరుగుదల తెలుసుకోవడానికి లేజరే ఎందుకు? రన్ అయ్యాక తీసి కొలవచ్చు కదా?

కొలవచ్చు. కానీ పది గంటలు నడిచాక తీసి చూస్తే, మూడో గంటలో ఏదో తేడా వచ్చిందన్న సంగతి తెలియదు. చాంబర్‌లో ఏ పరికరాన్నీ పెట్టలేం. వేడికి మాడిపోతుంది, లేదంటే దాని మీద కూడా వజ్రం పేరుకుంటుంది. కిటికీ గుండా లోపలికి వెళ్లి ఏమీ చెడగొట్టకుండా బయటికి రాగలిగేది కాంతి ఒక్కటే. మామూలు దీపం కాంతి ఆ ప్లాస్మా వెలుగులో కలిసిపోతుంది. ఒకే రంగు, ఒకే దిశ ఉన్న లేజర్ అయితే ఆ వెలుగులోంచి దాన్ని విడదీసుకోవచ్చు.

రిఫ్లెక్టెన్స్ ఇంటర్‌ఫెరోమెట్రీ అంటే ఏమిటి?

వానాకాలం రోడ్డు మీద పెట్రోలు కారితే నీళ్ల మీద రంగులు కనబడతాయి కదా, అదే భౌతికశాస్త్రం. పొర పైముఖం నుంచి కొంత కాంతి, పొరకూ సిలికాన్‌కూ మధ్య హద్దు నుంచి కొంత కాంతి వెనక్కి వస్తాయి. రెండూ కలిసినప్పుడు పొర మందాన్ని బట్టి బలపడతాయి, లేదా బలహీనపడతాయి. దీన్నే వ్యతికరణం అంటాం. పొర పెరుగుతూ ఉంటే వెనక్కి వచ్చే వెలుగు పెరుగుతూ తగ్గుతూ అలలా కదులుతుంది. ఒక పూర్తి అలకు పెరిగే మందం ఎంతంటే, లేజర్ తరంగదైర్ఘ్యాన్ని పొర వక్రీభవన గుణకానికి (ఆ పదార్థంలో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) రెట్టింపుతో భాగించాలి.

ఎర్రటి హీలియం-నియాన్ లేజర్ తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. వజ్రం గుణకం సుమారు 2.41. భాగిస్తే 131 నానోమీటర్లు. అంటే గ్రాఫ్‌లో ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి 131 నానోమీటర్ల వజ్రం పెరిగినట్టు. గంటకు అర మైక్రాన్ వేగమైతే ఒక్కో అలకు పదహారు నిమిషాలు పడుతుంది. లేజర్‌ను నిట్టనిలువుగా కాకుండా 30 డిగ్రీల వాలులో పంపితే 131 కాస్తా 134 అవుతుంది, ఈ సవరణ మర్చిపోవద్దు. వేడి మీద గుణకం కొద్దిగా పెరుగుతుంది కూడా, కానీ ఆ తేడా నూటికి ఒకటి లోపే. అంత కచ్చితత్వం మీకు నిజంగా కావాలో లేదో ముందు ఆలోచించుకోండి.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది దీని నిజాయితీ. క్యాలిబ్రేషన్ అక్కర్లేదు, లేజర్ పవర్ ఎంతో కూడా తెలియనక్కర్లేదు. అలలు లెక్కపెట్టడం వస్తే చాలు.

ఆ గ్రాఫ్ ఎలా చదవాలి? మొదట్లో అల సరిగ్గా రావట్లేదు.

మొదట్లో రాదు, రాకూడదు కూడా. విత్తనాలు వేసిన సిలికాన్ తన మీద పడ్డ ఎర్ర కాంతిలో దాదాపు 35 శాతాన్ని వెనక్కి పంపుతుంది. ప్లాస్మా వెలిగించి మీథేన్ వదిలాక కాసేపు గీత అలాగే చదునుగా ఉంటుంది. గింజలు పెద్దవయ్యే కొద్దీ కాంతి చెదురుతుంది, గీత మెల్లగా కిందికి జారుతుంది. విడివిడి గింజలు కలిసి పొరగా మూసుకున్నప్పటి నుంచే అసలు అల మొదలవుతుంది.

నున్నటి పొర అయితే మందం 66 నానోమీటర్లు అయ్యేసరికి వెనక్కి వచ్చే కాంతి 35 శాతం నుంచి 4 శాతం దగ్గరికి పడిపోవాలి. వజ్రం ఆ మందంలో సిలికాన్‌కు ప్రతిబింబం తగ్గించే పూతలా పనిచేస్తుంది. 131 దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పైకి లేవాలి. ఆ లేవడం ఎంతవరకు అన్నదాన్నే గమనించాలి. మొదటి శిఖరం దాదాపు మొదలైన ఎత్తుకే చేరితే విత్తనాలు దట్టంగా పడ్డాయని, పొర నున్నగా ఉందని అర్థం. సగానికే ఆగిపోతే పొర అప్పటికే గరుకుగా ఉంది. మొదటి గంటలోనే ఈ సంగతి తెలిసిపోతుంది కాబట్టి, అలాంటి రన్‌ను అక్కడే ఆపేయడం మేలు. మిగతా తొమ్మిది గంటల గ్యాస్, కరెంటు మిగులుతాయి.

అల వెడల్పు పోనుపోను మారుతుంటే వేగం మారుతోందన్నమాట. శిఖరాల మధ్య దూరం పెరిగితే పెరుగుదల మందగించింది. మీథేన్ ఫ్లో మీటర్‌నో, పలక వేడినో చూడండి. అల ఎత్తు ఉన్నట్టుండి పడిపోయి మళ్లీ లేవకపోతే, పొర సంగతి తర్వాత, ముందు లేజర్ చుక్క డిటెక్టర్ మీదే ఉందో లేదో చూడండి. వేడికి పలక రవ్వంత వంగినా వెనక్కి వచ్చే కిరణం పక్కకు జరుగుతుంది. డిటెక్టర్ ముందు వెడల్పాటి కటకం పెడితే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

ప్లాస్మా అంత వెలుగుతుంటే చిన్న లేజర్ చుక్క డిటెక్టర్‌కు ఎలా కనబడుతుంది?

మూడు అడ్డుకట్టలు వేయాలి. మొదటిది ఫిల్టర్: 632.8 దగ్గర కొన్ని నానోమీటర్ల పట్టీని మాత్రమే వదిలేది. హైడ్రోజన్ ప్లాస్మాలో అన్నిటికన్నా బలమైన ఎర్ర గీత 656.3 నానోమీటర్ల దగ్గర, అంటే మన లేజర్ పక్కింట్లోనే ఉంటుంది. కాబట్టి వట్టి ఎర్ర గాజు సరిపోదు. రెండోది చాపర్: లేజర్ కిరణాన్ని తిరిగే చక్రంతో సెకనుకు కొన్ని వందలసార్లు కోసి, అదే తాళంలో వచ్చే సిగ్నల్‌ను మాత్రమే లాక్-ఇన్ ఆంప్లిఫయర్‌తో ఏరుకోవడం. మూడోది దూరం: ప్లాస్మా వెలుగు అన్ని వైపులా పరుచుకుంటుంది, లేజర్ మాత్రం సన్నగానే వస్తుంది. డిటెక్టర్‌ను మీటరు వెనక్కి జరిపితేనే సగం గోల పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి ముందు ఇదే చేయండి.

ఒకటి రెండు మైక్రాన్లు దాటాక అలలు పూర్తిగా మాయమయ్యాయి. లేజర్ పాడైందా?

లేజర్ బాగానే ఉంది. పొర గరుకెక్కింది. మామూలు మైక్రోక్రిస్టలైన్ (మైక్రాన్ల సైజు గింజలుండే) వజ్రంలో మందం పెరిగే కొద్దీ గింజలు పెద్దవై, పైన పిరమిడ్‌ల్లా మొనలు తేలతాయి. 632.8 నానోమీటర్ల లేజర్‌కు గరుకుదనం 20 నానోమీటర్లు ఉంటే పైముఖం నుంచి నేరుగా వచ్చే కాంతి 85 శాతం నిలుస్తుంది, 50 అయితే 37 శాతం, 100 అయితే 2 శాతమే. మిగతాదంతా అటూఇటూ చెదిరిపోతుంది.

తరంగదైర్ఘ్యం పెంచితే ఈ బాధ తగ్గుతుంది. 1064 నానోమీటర్ల పరారుణ లేజర్‌కు అదే 100 నానోమీటర్ల గరుకుదనం దగ్గర కూడా 25 శాతం మిగులుతుంది. కానీ అక్కడ ఇంకో చిక్కుంది. 800 డిగ్రీల్లో ఉన్న పలక పరారుణంలో తానే బాగా వెలుగుతుంది, కాబట్టి చాపర్, ఫిల్టర్ ఇంకా గట్టిగా ఉండాలి. కిరణం కంటికి కనబడదు కాబట్టి అమరిక కూడా కష్టం. నానోక్రిస్టలైన్ పొరలకు ఈ గొడవ లేదు. వాటి గింజలు చిన్నవిగానే ఉండిపోతాయి కాబట్టి అలలు చాలాసేపు వస్తూనే ఉంటాయి.

అలల ఎత్తు తగ్గే తీరు నుంచి గరుకుదనాన్ని అంచనా వేయడం కూడా ఒక పద్ధతే. అందుకని సిగ్నల్ చచ్చిపోతోందని రికార్డింగ్ ఆపేయకండి.

పలక వేడి ఒక లయలో పెరుగుతూ తగ్గుతూ ఉంది. పవర్ సప్లయ్‌లో తేడానా?

పవర్ సప్లయ్‌ని విప్పే ముందు పైరోమీటర్‌ను అనుమానించండి. పైరోమీటర్ వేడిని నేరుగా కొలవదు, పలక నుంచి వచ్చే వెలుగును చూసి లెక్కగడుతుంది. ఆ వెలుగు కూడా పెరుగుతున్న పొర గుండానే బయటికి వస్తుంది, అదీ వ్యతికరణానికి లోనవుతుంది. పొర ప్రతిబింబం తగ్గించే మందంలో ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ బయటపడుతుంది, పైరోమీటర్ వేడి పెరిగిందని చూపిస్తుంది. నిజానికి పలక వేడి అంతే ఉంది.

ప్రమాదం ఎక్కడంటే, ఆ పైరోమీటర్‌ను ఆటోమేటిక్ కంట్రోల్‌కు కలిపినప్పుడు. లేని వేడిని చూసి కంట్రోలర్ పవర్ తగ్గిస్తుంది, అప్పుడు పలక నిజంగానే చల్లబడుతుంది. కాసేపటికి దానికి ఎదురు జరుగుతుంది. పొరలో ఒక్కో లేయర్ ఒక్కో వేడి దగ్గర పెరుగుతుంది. రెండు రంగుల పైరోమీటర్‌లో తేడా తక్కువే కానీ అది కూడా పూర్తిగా తప్పించుకోలేదు. మొదటి ఒకటి రెండు మైక్రాన్లు పెరిగేదాకా ఆటో కంట్రోల్ ఆపి, పవర్‌ను స్థిరంగా ఉంచడమే మేలు. ఇక ఈ ఊగడాన్ని వాడుకోవచ్చు కూడా: 2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూసే పైరోమీటర్‌లో ఒక్కో ఊపుకు సుమారు 420 నానోమీటర్ల మందం. లేజర్ అలలు చెదిరిపోయాక కూడా ఇది పనిచేస్తుంటుంది.

మందం తెలిసింది సరే, పెరిగింది వజ్రమో మసో ఎలా తెలుస్తుంది?

ప్రతిబింబపు అలలు ఆ సంగతి చెప్పవు. దానికి రామన్ స్పెక్ట్రోస్కోపీ కావాలి. వజ్రం మీద లేజర్ వేస్తే చెదిరిన కాంతిలో 1332 అనే సంఖ్య దగ్గర (సెంటీమీటరుకు తరంగాల లెక్కలో) సూదిలాంటి గీత వస్తుంది. గ్రాఫైట్ తరహా కార్బన్ ఉంటే 1580 చుట్టుపక్కల వెడల్పాటి దిబ్బ లేస్తుంది. 1140, 1480 దగ్గర దిబ్బలు కనబడితే అవి నానోక్రిస్టలైన్ పొరల్లో గింజల మధ్య ఉండే పాలీఎసిటిలీన్ గొలుసులవి. చాలామంది వాటిని వజ్రానివే అనుకుంటారు.

ఇక్కడ మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. వజ్రం మీద రామన్ ప్రభావాన్ని తొలినాళ్లలోనే, అంటే 1930లోనే పరిశీలించినవాళ్లలో కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం ఒకరు. కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ప్రొఫెసరుగా, ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా ఉన్నారాయన. లేజర్ పుట్టకముందు, మెర్క్యురీ దీపంతో చేసిన పని అది.

గ్రాఫ్ చూసి కంగారుపడే ముందు ఒక హెచ్చరిక. ఆకుపచ్చ లేజర్‌తో చూసినప్పుడు గ్రాఫైట్ తన పరిమాణానికి మించి, వజ్రం కన్నా సుమారు 50 రెట్లు గట్టిగా పలుకుతుంది. దిబ్బ పెద్దగా కనబడినంత మాత్రాన పొరలో సగం మసే అనుకోవద్దు. అతినీలలోహిత లేజర్‌తో చూస్తే ఈ పక్షపాతం బాగా తగ్గుతుంది.

పెరుగుతుండగానే రామన్ చూడొచ్చా అంటే, చూడొచ్చు. కానీ కష్టం, ఖర్చు. రామన్ సిగ్నల్ అసలే బలహీనం, దానికి తోడు పలక ఎర్రగా కాలుతుంటుంది. పల్స్ లేజర్ వాడి, పల్స్ వచ్చిన ఆ కొన్ని నానోసెకన్లు మాత్రమే డిటెక్టర్‌ను తెరిచి ఉంచాలి. వేడి మీద ఆ గీత 1332 దగ్గర ఉండదు, పది యూనిట్లకు పైగా కిందికి జరుగుతుంది. దాన్ని చూసి పొర పాడైందనుకోవద్దు. ఎంత జరిగిందో చూసి వేడిని కూడా లెక్కగట్టొచ్చు.

గ్యాస్‌లో ఏమేం ఉన్నాయో కూడా లేజర్ చెప్పగలదా?

చెప్పగలదు. అదొక పెద్ద శాఖ. 205 నానోమీటర్ల అతినీలలోహిత ఫోటాన్లు రెండింటిని ఒకేసారి మింగిన హైడ్రోజన్ పరమాణువు 656 దగ్గర ఎర్రగా వెలుగుతుంది. దాంతో హైడ్రోజన్ పరమాణువులు ఎక్కడ దట్టంగా ఉన్నాయో పటం గీయొచ్చు. మిథైల్ ముక్కలు చాలా తక్కువ కాబట్టి, రెండు గొప్ప అద్దాల మధ్య కాంతిని వేలసార్లు తిప్పి ఎంత తగ్గిందో చూసే క్యావిటీ రింగ్-డౌన్ పద్ధతి వాడతారు. మీథేన్, ఎసిటిలీన్‌లను పరారుణ లేజర్లతో కొలుస్తారు. ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం బృందం క్వాంటమ్ కాస్కేడ్ లేజర్లతో (పరారుణ కాంతినిచ్చే ఒక రకం సెమీకండక్టర్ లేజర్లు) ఈ పని చాలా చేసింది. మనం పంపేది మీథేనే అయినా ప్లాస్మా వేడి మధ్యభాగంలో ఎక్కువగా ఉండేది ఎసిటిలీన్ అని, మిథైల్ కాస్త చల్లగా ఉండే అంచుల్లో ఎక్కువ అని ఇలాంటి కొలతలు, వాటితో కలిపి చేసిన లెక్కలు తేల్చాయి.

రోజూ పొరలు పెంచే ల్యాబ్‌కు ఇవన్నీ అక్కర్లేదు.

గాలి లీకవుతోందని ఎలా పసిగట్టాలి?

దీనికి లేజర్ వద్దు, చిన్న స్పెక్ట్రోమీటర్ చాలు. ప్లాస్మా వెలుగులో 388 నానోమీటర్ల దగ్గర కార్బన్-నైట్రోజన్ జత పట్టీ కనబడితే ఎక్కడో ఓ-రింగ్ (అతుకుల దగ్గర గాలి చొరకుండా పెట్టే రబ్బరు ఉంగరం) తేడా చేసినట్టే. నైట్రోజన్ పది లక్షల్లో కొన్ని పాళ్లున్నా పెరుగుదల వేగం, స్ఫటికాల ముఖాలు మారిపోతాయి.

పొర పెచ్చులుగా ఊడిపోతోంది.

వజ్రం వేడికి చాలా తక్కువ వ్యాకోచిస్తుంది, సిలికాన్ అంతకన్నా ఎక్కువ, లోహాలు ఇంకా ఎక్కువ. 800 డిగ్రీల నుంచి చల్లారేటప్పుడు కింది పలక కుంచించుకుపోతుంటే పైనున్న వజ్రం నలిగిపోతుంది. ఆపేసేటప్పుడు తొందరపడకుండా పవర్‌ను దశలవారీగా తగ్గించండి. కొన్ని ల్యాబ్‌లలో సమాంతరమైన లేజర్ కిరణాలు కొన్నింటిని పలక మీద వేసి, వెనక్కి వచ్చే చుక్కల మధ్య దూరం చూస్తారు. దూరం మారితే పలక వంగుతోందన్నమాట, వంపు నుంచి ఒత్తిడి లెక్కగట్టొచ్చు.

గోల్కొండ వజ్రాలకూ వీటికీ పోలికేమైనా ఉందా?

ఉంది. కృష్ణా తీరాన కొల్లూరు లాంటి గనుల నుంచి గోల్కొండ పేరుతో ప్రపంచానికి వెళ్లిన ప్రఖ్యాత వజ్రాల్లో చాలా వాటిని రత్నశాస్త్రం టైప్ 2ఏ అంటుంది. అంటే నైట్రోజన్ దాదాపు లేనివి. సహజ వజ్రాల్లో ఇలాంటివి నూటికి ఒకటో రెండో. సీవీడీలో పెంచిన రత్నాలు మాత్రం ఎక్కువ భాగం టైప్ 2ఏనే, ఎందుకంటే చాంబర్‌లోకి నైట్రోజన్ వెళ్లకుండా మనమే చూసుకుంటాం. అయినా పరీక్ష కేంద్రాలు వీటిని లేజర్‌తోనే పట్టేస్తాయి. ప్లాస్మా చాంబర్ కిటికీల క్వార్ట్జ్‌ను కొద్దికొద్దిగా కొరుకుతుంది, ఆ సిలికాన్ వజ్రంలోకి చేరి 737 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది. సహజ వజ్రాల్లో ఆ మెరుపు చాలా అరుదు.

మన దేశంలో ఈ పని ఎక్కడ జరుగుతోంది?

రత్నాల వైపు అయితే సూరత్. పరిశోధన వైపు ఐఐటీ మద్రాస్ పేరు ముందు చెప్పాలి. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ల్యాబ్ వజ్రాల యంత్రాలు, విత్తనాలు దేశంలోనే తయారు చేయడానికి ఒక ఐఐటీకి ఐదేళ్ల గ్రాంట్ ప్రకటించారు, ఆ 242 కోట్లు అక్కడికే వెళ్లాయి. అదే బడ్జెట్‌లో విత్తనపు వజ్రాల మీద 5 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు.

సేఫ్టీ విషయంలో దేనికి భయపడాలి?

లేజర్ కన్నా ముందు హైడ్రోజన్‌కు. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా అంటుకుంటుంది, పగటి వెలుగులో మంట దాదాపు కనబడదు. డిటెక్టర్ అలారం లేని గదిలో రన్ మొదలుపెట్టొద్దు. పంపు నుంచి వచ్చే వాయువును బయటికి పంపే గొట్టం నిజంగా బయటికే వెళ్తోందో లేదో మీరే వెళ్లి చూడండి. లేజర్ చిన్నదే అయినా, కిటికీ గాజు రెండు ముఖాల నుంచీ, పలక నుంచీ వచ్చే కిరణాలు ఎటు పోతున్నాయో కాగితం ముక్కతో వెతికి, అక్కర్లేనివాటిని నల్లటి అడ్డుతో ఆపాలి. కిరణం కంటి ఎత్తులో ఉండకూడదు. కుర్చీలో కూర్చున్నవాళ్ల కంటి ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోండి.

లేజర్ వల్ల పొర పాడవదా?

కొన్ని మిల్లీవాట్ల హీలియం-నియాన్ వల్ల ఏమీ కాదు. రామన్ కోసం పల్స్ లేజర్‌ను సన్నగా ఫోకస్ చేస్తే మాత్రం ఆ చుక్కలో వజ్రం గ్రాఫైట్‌గా మారిపోవచ్చు. వజ్రాన్ని కోయడానికి లేజర్ వాడేది ఆ గుణం వల్లే.

కొత్త ల్యాబ్. డబ్బు తక్కువ. ముందు ఏం కొనాలి?

ఒక చిన్న ఎర్ర లేజర్, సన్న పట్టీ ఫిల్టర్, ఫోటోడయోడ్, చాపర్. లాక్-ఇన్ ఆంప్లిఫయర్‌కు డబ్బు చాలకపోతే పక్క డిపార్ట్‌మెంట్‌లో మూలన పడి ఉన్నదాన్ని అడిగి తెచ్చుకోండి, చాలా ఫిజిక్స్ ల్యాబ్‌లలో ఒకటి దుమ్ము పట్టి ఉంటుంది. లేజర్‌లో కొంత భాగాన్ని ముందే చీల్చి రెండో డయోడ్ మీద వేయండి. లేజర్ పవర్ ఊగితే ఆ లెక్కతో సరిచేసుకోవచ్చు. రామన్ యంత్రం సొంతంగా కొనకండి, దగ్గర్లో ఉన్న విశ్వవిద్యాలయానికి ముక్కలు పంపించుకోవచ్చు.

చాంబర్‌కే కొత్తగా ఆర్డర్ ఇస్తుంటే ఒక్క మాట. పైనుంచి నిలువుగా చూసే కిటికీ ఒకటి, ఒకే వాలులో ఎదురెదురుగా ఉండే కిటికీలు రెండు తప్పకుండా పెట్టించుకోండి. కిటికీలను లోపల పొడవాటి గొట్టాల చివర బిగించి, వాటి ముందుగా కొద్దిగా హైడ్రోజన్ ప్రవహించేలా చేస్తే గాజు మీద మసి పట్టదు. డ్రాయింగ్ మీద సంతకం అయ్యాక కిటికీ కావాలంటే స్టీల్ చాంబర్‌కు మళ్లీ వెల్డింగ్ చేయాలి, లీక్ టెస్ట్ మొదటి నుంచి చేయాలి.